ప్రశ్న మీది, జవాబు నాది: జెనీవా దాకా వెళ్లే కాగితం

రెండు నెలల కింద ఈ శీర్షికలో ఓ చిన్న మాట రాశాను. పాస్టర్లకీ, బైబిల్ ఉమెన్‌కీ, ఉపదేశులకీ, స్త్రీల సమాజం కార్యదర్శులకీ జెనీవాలో ఉన్న ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ఏర్పాట్లని ఎలా వాడుకోవాలో నేర్పే తరగతుల్లో నేనూ పాఠాలు చెబుతున్నానని. అంతే, ఫోను ఆగలేదు. మెచ్చుకున్నవాళ్లు తక్కువ, అడిగినవాళ్లు ఎక్కువ, తిట్టినవాళ్లు మధ్యస్తం. ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ తీసేసి కొన్నింటికి జవాబు రాస్తున్నా. తిట్టిన ఉత్తరం కూడా ఒకటి వేశాను, దాచడం దేనికి.

ప్రశ్న: వందనాలండి. పదహారేళ్లుగా ప్రకాశం జిల్లా పల్లెల్లో సేవ చేస్తున్నాను. పోయినేడు మూడు రోజుల శిక్షణకి రమ్మంటే వెళ్లాను. యూపీఆర్ అన్నారు, సీడా అన్నారు, స్పెషల్ రాపోర్టర్ అన్నారు. సంచీ, పెన్నూ, సర్టిఫికెట్టూ ఇచ్చి ఫొటో తీశారు. ఇంటికొచ్చిన నెలకే మా ఊళ్లో సమాధుల తోటకి వెళ్లే దారికి ముళ్లకంప వేశారు. స్టేషన్‌కి వెళ్తే ఎస్సై గారు కాగితం ముట్టుకోలేదు. మండల కేంద్రంలో కాని పని జెనీవాలో అవుతుందా?

జవాబు: అవ్వదు అయ్యగారూ. ఆ మాట మీకు మొదటిరోజే చెప్పాల్సింది, చెప్పకపోతే తప్పు నేర్పినవాళ్లది. మీ ఎస్సైని పిలిచి మందలించే ఆఫీసేదీ జెనీవాలో లేదు. అక్కడున్నవి ప్రభుత్వాన్ని నలుగురిలో కూర్చోబెట్టి "ఏమిటిది?" అని అడిగే ఏర్పాట్లు మాత్రమే. అడిగేవాళ్లకి మీ ఊరి ముళ్లకంప సంగతి తెలియాలంటే ఎవరో ఒకరు సరిగ్గా రాసి పంపాలి కదా, మన పని అంతవరకే.

ఆ మూడు పేర్లూ మీకు తలనొప్పి తెప్పించాయి కాబట్టి పల్లె భాషలో చెబుతా. యూపీఆర్ అంటే 193 దేశాలూ వంతులవారీగా, నాలుగున్నర ఐదేళ్లకోసారి, మిగతా దేశాల ముందు కూర్చుని లెక్క చెప్పుకోవడం. మన వంతు 2008, 2012, 2017, 2022 సంవత్సరాల్లో వచ్చింది. కూర్చునేది మూడున్నర గంటలు, మాట్లాడేది దేశాలే, మనలాంటివాళ్లకి ఆ రోజు మైకు ఇవ్వరు. కానీ దానికి ఎన్నో నెలల ముందే సంస్థలు పంపిన కాగితాలన్నీ కలిపి ఐరాస మానవ హక్కుల కార్యాలయం ఒక సారాంశం చేసి దేశాల చేతిలో పెడుతుంది. మన మాట దూరేది అందులోనే. 2017లో మనకి 250 సూచనలు వస్తే ప్రభుత్వం 152కి సరే అంది. అలా సరే అన్నదాన్ని పట్టుకుని ఇక్కడ కలెక్టర్ దగ్గరా, కమిషన్ల దగ్గరా "పైన ఒప్పుకొచ్చారు కదండీ" అని అడగొచ్చు. నాకైతే దాని అసలు ఉపయోగం ఇదే.

సీడా అంటే స్త్రీల పట్ల వివక్ష లేకుండా చేయాలన్న ఒప్పందం, మనం 1993లో ఆమోదించాం. ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. జాతి వివక్ష మీది 1968లో, పౌర రాజకీయ హక్కులది 1979లో, పిల్లలది 1992లో ఆమోదించాం. చిత్రహింసల మీద ఉన్నదానికి 1997లో సంతకం మాత్రం పెట్టి ఊరుకున్నాం. ఒక్కో ఒప్పందానికీ ఒక నిపుణుల కమిటీ ఉంటుంది, అప్పుడప్పుడు ప్రభుత్వం వెళ్లి లెక్క చెప్పాలి. అప్పుడప్పుడు అన్నాను చూశారూ, పౌర హక్కుల కమిటీ ముందుకి మన దేశం 1997లో వెళ్లి మళ్లీ 2024 జూలైలో వెళ్లింది. ఆ మొదటిసారికి మీ సంఘంలో చంటిపిల్లగా ప్రతిష్ఠ అయిన అమ్మాయి రెండోసారికి తన బిడ్డని తీసుకొచ్చి ఉంటుంది.

ఇక స్పెషల్ రాపోర్టర్లు. మత స్వేచ్ఛకొకరు, అల్పసంఖ్యాకులకొకరు, స్త్రీల మీద హింసకొకరు, ఇలా ఒక్కో విషయానికీ ఒక స్వతంత్ర నిపుణుడో నిపుణురాలో. మీరు పంపిన సంగతి నమ్మేలా ఉంటే వాళ్లు ప్రభుత్వానికి ఉత్తరం రాస్తారు. మామూలుగా 60 రోజులు గడువిచ్చి, ఆ తర్వాత ఉత్తరాన్నీ, వస్తే జవాబునీ అందరూ చూసేలా బయటపెడతారు. దీనికి ఏ ఒప్పందమూ ఆమోదించి ఉండక్కర్లేదు, ఇక్కడి కోర్టులన్నీ తిరిగొచ్చి ఉండాలన్న షరతూ లేదు. పల్లె పాస్టర్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న తలుపు ఇదే, అయినా శిక్షణల్లో దీనికి అరగంట కూడా ఇవ్వరు, ఎందుకో మరి.

ఇప్పుడు మీ ముళ్లకంప. ఎస్సై తీసుకోకపోతే అదే ఫిర్యాదుని ఎస్పీ గారికి పోస్టులో పంపండి. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, అదే నాగరిక్ సురక్ష సంహిత, 173వ సెక్షన్‌లో ఆ వీలుంది. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. తహసీల్దారుకి వేరే అర్జీ ఇవ్వండి, సర్వే నంబరు వేసి, ఎఫ్ఎంబీ (భూమి కొలతల పటం) నకలు జతచేసి. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి వెళ్లదలిస్తే సంగతి జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి, ఏడాది దాటితే వాళ్లు చూడరు. వీటిలో ఏదీ పని చేయకపోయినా సరే, ప్రతిదానికీ పోస్టు రసీదు, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు, ముద్ర వేసిన నకలు ఓ కవర్లో పెట్టి ఉంచండి. జెనీవాకి వెళ్లేది ఆ కవరే. మీరు అడిగారని, వాళ్లు పట్టించుకోలేదని చెప్పే సాక్ష్యం అదొక్కటే, మీ మాట కాదు, నా మాట కాదు.

ప్రశ్న: అమ్మా, నేను సంఘ పెద్దని, రిటైర్డ్ హెడ్‌మాస్టర్ని. మీరు చేస్తున్నది నాకు నచ్చలేదు. ఇంట్లో గొడవని వీధిలో పెట్టినట్టు మన దేశం మీద పరాయివాళ్లకి చాడీలు చెప్పడమేమిటి? పై అధికారులకు లోబడి ఉండాలని రోమా పత్రిక 13వ అధ్యాయంలో లేదా? సువార్త పని వదిలి సేవకులకి ఈ రాజకీయం దేనికి?

జవాబు: మాస్టారూ, రోమా 13 రాసిన పౌలే అపొస్తలుల కార్యములు 22లో కొరడా దెబ్బలు కొట్టబోతుంటే "రోమీయుణ్ని విచారణ లేకుండా కొట్టొచ్చా?" అని శతాధిపతిని అడిగాడు. 25వ అధ్యాయంలో స్థానికంగా న్యాయం జరగదని తేలాక కైసరు దగ్గరే చెప్పుకుంటానన్నాడు. రోమా అధిపతి ఫేస్తు దాన్ని చాడీ అనలేదు, ఓడెక్కించి పంపాడు. లోబడటానికీ నోరు మూసుకోవడానికీ తేడా ఆయనకి బాగా తెలుసనుకుంటా.

దేశం సంగతంటారా, ఈ దారి వేసింది మనవాళ్లే. స్వాతంత్ర్యం కూడా రాకముందు, 1946లో, దక్షిణాఫ్రికాలో భారతీయుల్ని హీనంగా చూస్తున్నారని ఐరాస సర్వసభ్య సభకి ఎక్కింది భారతదేశం. మన బృందానికి నాయకురాలు విజయలక్ష్మీ పండిట్. అది మా ఇంటి గొడవ, మీకెందుకని దక్షిణాఫ్రికా అంది. కాదు, అందరి గొడవేనని మనం వాదించి నెగ్గాం. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో పురుషులందరూ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటని మనుషులందరూ అని మార్పించింది కూడా మన హంసా మెహతాయే. అంతెందుకు, యూపీఆర్‌కి ప్రతిసారీ మన ప్రభుత్వమే పెద్ద బృందాన్ని పంపి జవాబు చెప్పిస్తోంది, వాళ్లే వెళ్తుంటే మనం రాసి పంపితే ద్రోహం ఎలా అవుతుందండీ.

చర్చి కూడా ఇందులో నిన్న కాక మొన్న దూరింది కాదు. అంతర్జాతీయ వ్యవహారాల కోసం చర్చిలన్నీ కలిసి 1946లోనే ఓ కమిషన్ పెట్టుకున్నాయి. దాని మొదటి డైరెక్టర్ ఫ్రెడరిక్ నోల్డే, అమెరికాలో లూథరన్ పాస్టరు, సెమినరీలో పంతులు. విశ్వ ప్రకటనలో మత స్వేచ్ఛ గురించిన 18వ అధికరణం ఇప్పుడున్న రూపంలో రావడానికి ఆయన పట్టుబట్టి తిరిగిన తిరుగుడు ఒక కారణం. ఆ అధికరణం క్రైస్తవుల కోసమని లేదు, మతం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ అందరికీ. మా తరగతుల్లో ఈ ఒక్క మాట దగ్గరే ఎక్కువ వాదన జరుగుతుంది. పక్క ఊళ్లో మసీదుకి దారి మూస్తే కూడా రాస్తారా అని అడిగితే సగం చేతులు లేవవు. లేవకపోతే మనది హక్కుల పని కాదు, మన వాటా పని. ఆ మేరకు మీ అసహనంతో నేనూ కొంత ఏకీభవిస్తా.

ప్రశ్న: అక్కా, నేను గుంటూరు వైపు బైబిల్ ఉమన్‌ని. ఇళ్లకి వెళ్లి ప్రార్థన చేసేటప్పుడు ఆడవాళ్లు నాతో అన్నీ చెప్పుకుంటారు. మొన్న ఓ తల్లి తన పదిహేనేళ్ల కూతురికి మేనమామతో పెళ్లి చేశామనీ, ఇప్పుడు మూడో నెలనీ చెప్పి ఏడ్చింది. శిక్షణలో ఇలాంటివి రాసి సీడా కమిటీకి పంపవచ్చన్నారు. ప్రార్థనలో చెప్పింది బయటపెట్టడం పాపం కాదా?

జవాబు: ముందు సీడాని పక్కన పెట్టమ్మా. ముందు ఆ పిల్ల. పదిహేనేళ్ల పిల్ల విషయంలో పోక్సో చట్టం నీకు ఎంపిక ఇవ్వలేదు. తెలిసినవాళ్లెవరైనా సరే పోలీసులకి చెప్పాలి, చెప్పకపోతే అది నేరం, ప్రార్థనలో విన్నాను అన్న మినహాయింపు అందులో లేదు. పెళ్లయింది కదా అన్న మాట కూడా నిలవదు, భార్య అయినా పద్దెనిమిదేళ్లలోపు అయితే అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చేసింది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. ఒక్కదానివే వెళ్లకు, నమ్మకమైన ఇంకో ఆడమనిషిని తోడు తీసుకో, ముందుగా ఆ తల్లితో "నేను చెప్పక తప్పదు, నీ పక్కనే ఉంటా" అని చెప్పేసెయ్యి. ఆ ఇంట్లో కొన్నాళ్లు నీకు కుర్చీ వెయ్యకపోవచ్చు, పాస్టర్ అమ్మగారు కూడా "నీకెందుకమ్మా" అనొచ్చు. ఆ కష్టం లేదని నేను అబద్ధం చెప్పను.

ఇక రాయడం సంగతి. కమిటీకి ఆ పిల్ల పేరు అక్కర్లేదు, ఊరి పేరూ అక్కర్లేదు. ఒక మండలంలో ఇన్నేళ్లలో నీ కళ్ల ముందు ఎన్ని ఇలాంటి పెళ్లిళ్లు, ఎవరైనా ఆపడానికి వచ్చారా, వచ్చి ఏం చేశారు, ఆసుపత్రిలో వయసు ఎంత వేశారు, ఇవీ కావాల్సినవి. దీనికి ఓ పెద్ద కారణం ఉంది. సీడాని ఆమోదించినప్పుడే మన ప్రభుత్వం రెండు మెలికలు పెట్టింది. సమాజాల వ్యక్తిగత వ్యవహారాల్లో వాళ్లంతట వాళ్లు కోరితే తప్ప జోక్యం చేసుకోమని ఒకటి, ఇంత పెద్ద దేశంలో పెళ్లిళ్లన్నీ తప్పనిసరిగా రిజిస్టర్ చేయించడం కుదరదని ఇంకొకటి. ఆ రెండు మెలికలు పల్లెలో ఎలా ఉంటాయో ఆ కమిటీలోని 23 మందికీ చూపించగలిగేది నీలాంటిదే, ఢిల్లీ సెమినార్లలో మాట్లాడేవాళ్లు కాదు. లూథరన్ వరల్డ్ ఫెడరేషన్ లాంటి సంస్థలు కొన్నేళ్లుగా జెనీవాలో స్త్రీల హక్కుల మీద చర్చి పనివాళ్లకి ప్రత్యేకంగా శిక్షణ ఇస్తున్నది కూడా ఇందుకే. ఇళ్లలోకి, వంటింటి దాకా వెళ్లగలిగింది మీరే.

మన చర్చి పెళ్లి రిజిస్టర్‌లో వయసు ఎవరు ఎలా వేస్తున్నారో కూడా ఓసారి చూడు. ఇంకో మాట, చాలా కోపంగా చెబుతున్నా. ఇలాంటి సంగతుల్ని ప్రార్థన మనవి పేరుతో సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. "ఫలానా సహోదరి కూతురి కోసం ప్రార్థించండి, మూడో నెల" అని రెండు వందల మందికి పంపేసి, ఆనక కాన్ఫిడెన్షియల్ అంటే ఎలాగమ్మా.

ప్రశ్న: అక్కా, నాకు 24. నా సర్టిఫికెట్లో మతం ఒకటి ఉంటుంది, ఆదివారం నేను వెళ్లేది ఇంకోచోటికి. మా వాడలో అందరిదీ ఇదే కథ. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వకపోవడం మీద నేను సొంతంగా ఐరాసకి కేసు వేయొచ్చా? యూట్యూబ్‌లో ఒకాయన వేయొచ్చు అంటున్నాడు.

జవాబు: వేయలేవు తమ్ముడూ. యూట్యూబ్ ఆయన చెప్పింది వేరే దేశాలకి సరిపోతుంది. వ్యక్తులు నేరుగా ఫిర్యాదు చేసుకోవాలంటే దేశం దానికి విడిగా ఒప్పుకోవాలి. పౌర హక్కులది, సీడా, జాతి వివక్షది, ఏదీ, భారత్ అలా ఒప్పుకోలేదు. మనకి కేసు అన్నది లేదు, తెలియజేయడం మాత్రమే ఉంది.

తెలియజేయడం వల్ల ఏమొచ్చిందో చూడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. మన రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులకి బీసీ-సీ అని ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చి సరిపెట్టారు. 2008 మార్చిలో మత స్వేచ్ఛ స్పెషల్ రాపోర్టర్ అస్మా జహంగీర్ మన దేశానికి వచ్చి అన్ని వర్గాలవాళ్లనీ కలిసి వెళ్లారు. ఎస్సీ హోదాని మతంతో ముడిపెట్టకూడదని ఆమె నివేదికలో ఉంది. ఆమె పాకిస్తానీ లాయరు, ముస్లిం, ఆమె చేత ఈ మాట రాయించింది ఎవరో కాదు, ఆమె ముందు కూర్చుని తమ కథ చెప్పుకున్నవాళ్లే. అంతకుముందు 2001లో జాతి వివక్ష మీద ఐరాస పెట్టిన డర్బన్ సమావేశంలో కులం జాతివివక్ష కిందికి రాదని మన ప్రభుత్వం గట్టిగా నిలబడితే, మన తెలుగు దళితులూ ఉన్న పెద్ద బృందం వెళ్లి గొంతు చించుకుంది. మరుసటేడు 2002లో జాతి వివక్ష కమిటీ 29వ సాధారణ సిఫార్సులో పుట్టుక మీద ఆధారపడిన వివక్షలో కులమూ ఉందని రాసేసింది. ప్రభుత్వం ఇవాళ్టికీ దాన్ని ఒప్పుకోదు. కానీ ఆ వాక్యం అక్కడ ఉంది, ఎవరూ చెరపలేదు.

ఎంత నెమ్మదో కూడా చెప్పాలిగా. దళితుల కోసం పనిచేసే అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదిక ఐరాస సమావేశాల్లో పాల్గొనడానికి వీలిచ్చే సంప్రదింపుల హోదా కోసం 2008లో దరఖాస్తు పెట్టుకుంటే, ప్రతిసారీ మన ప్రతినిధులు వంద ప్రశ్నలు వేసి వాయిదా వేయించి వేయించి, 2022 డిసెంబరులో గానీ రాలేదు. ఇక్కడ చూస్తే 2022లోనే ఈ ఎస్సీ హోదా సంగతి పరిశీలించమని కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది, 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. ఇది జెనీవా వల్ల అయిందని నేను అనను. ఎన్నో చేతులు పడ్డాయి.

నువ్వు చేయగలిగింది: నీ కథ నీ పేరుతో మాత్రం పంపకు. అటు పంపిన కాగితాలు ప్రభుత్వం చేతికి వెళ్లొచ్చు, నీ సర్టిఫికెట్ మీదకి ఎవరైనా రావచ్చు. నీ వాడలో ఏం జరుగుతోందో పేర్లు లేకుండా ఓ సంస్థ ద్వారా చేర్చు. ఇంకొకటి కూడా చేర్చగలవా? మన చర్చిల్లోనే మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా ఉన్న సంగతి, సంబంధాలు కలుపుకోని సంగతి. అది రాయని నివేదిక చదివితే నాకు సగం అబద్ధంలా అనిపిస్తుంది.

ప్రశ్న: మేము నలభై మంది చర్చి పనివాళ్లకి మూడు రోజుల శిక్షణ పెట్టబోతున్నాం. పోయినసారి ఓ పెద్ద వక్తని పిలిస్తే చరిత్ర చెబుతూ రెండు రోజులు తినేశారు. ఈసారి ఏం చేయమంటారు?

జవాబు: వక్తని పిలవకండి. అంటే, ఓ పూట పిలవండి, గడియారం చూపించండి. మిగతా రెండున్నర రోజులూ చేతితో రాయించండి. కంప్యూటర్లు కూడా వద్దు, తెల్లకాగితం, తెలుగులో.

నేను నడిపిన మొదటి శిక్షణలో ఇది తెలియక దెబ్బతిన్నా. ఒప్పందాల అధికరణాలన్నీ పటాలు గీసి చెప్పాను, అందరూ బుద్ధిగా తలూపారు, ఆఖరిరోజు "మీ ఊళ్లో జరిగింది ఒకటి రాయండి" అంటే వచ్చిన కాగితాలు చూసి నాకు టెన్షన్ వచ్చేసింది. అలాంటిదే ఒకటి అల్లి చెబుతా, ఇది నిజంగా జరిగింది కాదు. "మా విశ్వాసుల మీద సైతాను శక్తులు దారుణంగా దాడి చేశాయి. ఎంతోమంది తీవ్రంగా గాయపడ్డారు. పోలీసులు కుమ్మక్కయ్యారు. అయినా దేవుడు అద్భుతంగా కాపాడాడు." సాక్ష్యం కూడికలో చెప్పడానికి బాగుంది. జెనీవాలో దీన్ని చదివిన మనిషికి ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎంతమంది, ఒక్కటీ దొరకదు, పక్కన పడేస్తారు.

దాన్నే ఇలా రాయించండి. "ఫలానా తేదీ, సాయంత్రం నాలుగు గంటలకి ఎస్సీ కాలనీ నుంచి ఒక వృద్ధురాలి శవాన్ని సమాధుల తోటకి తీసుకెళ్తుంటే, చెరువుగట్టు దగ్గర సుమారు పదిహేనుమంది అడ్డుపడ్డారు. వాళ్లలో నలుగుర్ని నేను గుర్తుపట్టాను. ఇద్దరికి కర్ర దెబ్బలు తగిలాయి, ఏరియా ఆసుపత్రి ఓపీ చీటీలు ఉన్నాయి. ఆరున్నరకి స్టేషన్‌కి వెళ్లాం, ఫిర్యాదు తీసుకోలేదు. మరునాడు ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టు చేశాం. నేను చూసింది ఇంతవరకే, రాత్రి జరిగింది మృతురాలి కొడుకు చెప్పగా విన్నాను." ఆ చివరి వాక్యం ఉంది చూశారూ, చూసిందీ విన్నదీ విడదీయడం, అది రావడానికే మనవాళ్లకి ఒక రోజు పడుతుంది. పట్టనివ్వండి. మనకి సాక్ష్యం చెప్పడం చిన్నప్పటి నుంచీ అలవాటు, కానీ అది వేరే సాక్ష్యం.

రెండో రోజు జంటలు చేసి ఒకరి కాగితం ఇంకొకరి చేత ప్రశ్నలు అడిగించండి, ఎదుటి లాయరు అడిగినట్టు. ఆ మధ్యాహ్నం ఒప్పుకోలు గురించి గట్టిగా చెప్పండి: బాధితులు సరే అనకుండా వాళ్ల పేరు ఎక్కడికీ పంపకూడదు, ఆ సరేని కూడా "పంపితే ఇలా జరగొచ్చు" అని విడమరిచి చెప్పాకే అడగాలి. స్పెషల్ రాపోర్టర్లకి పంపే ఫారంలోనే ఆ ప్రశ్న ఉంటుంది. పేపర్ కటింగులు మాత్రమే పెట్టి పంపితే తీసుకోరని కూడా చెప్పండి, మనవాళ్లు కటింగుల ఆల్బమ్‌లు చేయడంలో దిట్టలు.

మూడో రోజు ఈ నలభై కాగితాల్లో ఒక్క నమూనా మీకే కనబడుతుంది, దారి మూయడమో, రేషన్ కార్డో, చిన్నపిల్లల పెళ్లిళ్లో. దాన్ని కలిపి రాయడం నేర్పండి. యూపీఆర్‌కి ఒక సంస్థ పంపే నివేదిక 2,815 మాటలు దాటకూడదు, రెండో అంతకన్నా ఎక్కువో సంస్థలు కలిసి పంపితే 5,630 దాకా పోవచ్చు. నలభై ఊళ్లు ఆ మాటల్లో ఇమడాలంటే విశేషణాలన్నీ రాలిపోతాయి, మంచిదే. ఆఖరున ప్రభుత్వాన్ని ఏం చేయమంటున్నారో తేలిగ్గా లెక్కతేలేలా అడగాలి. "దళితులకి న్యాయం చేయాలి" అని రాస్తే ప్రభుత్వం హాయిగా ఒప్పేసుకుంటుంది, ఖర్చులేని మాట. "ప్రతి రెవెన్యూ గ్రామంలో దళితుల శ్మశానానికి దారి సర్వే చేసి రికార్డు చేయాలి" అంటే ఒప్పుకోవాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచిస్తుంది. ఆ నిమిషం కోసమే ఈ పాట్లు.

కారంచేడులో దాడికి గురైన దళితులు 1985 జూలైలో చీరాల చేరుకున్నప్పుడు తలదాచుకోవడానికి చోటిచ్చింది చర్చి ఆవరణ. ఆ రోజుల్లో ఎవరెవరు వచ్చారు, ఏం చెప్పారు అన్నది తారీఖులతో రాసిపెట్టుకున్న సంఘ పుస్తకం ఏదైనా ఉందా అని వెళ్లినచోటల్లా అడుగుతుంటాను. కానుకల లెక్క ప్రతి ఆదివారం పైసాతో సహా రాసే చేతులు మనవి. అదే చేతికి ఇంకో పుస్తకం ఇవ్వండి, సర్టిఫికెట్లకి పెట్టే డబ్బుతో నలభై పుస్తకాలొస్తాయి.

ప్రశ్న: ఐరాసకి రాస్తే మా సొసైటీ ఎఫ్‌సీఆర్‌ఏ పోతుందని మా ట్రెజరర్ భయపడుతున్నాడు. నిజమేనా?

జవాబు: ఎఫ్‌సీఆర్‌ఏ విదేశీ డబ్బు గురించిన చట్టం, విదేశానికి కాగితం పంపడం గురించింది కాదు. నివేదిక పంపడానికి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, అది ఉన్నవాళ్లు పంపకూడదని కూడా లేదు. కానీ శిక్షణకి బయటి డబ్బు వాడుతుంటే జాగ్రత్త. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి, ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు, పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు. శిక్షణ ఒక సంస్థ పేరున, భోజనాల బిల్లు ఇంకో సంస్థ పేరున రాసుకునే మన పాత అలవాటు ఇక మానాలి. ట్రెజరర్ గారి భయం పూర్తిగా ఉత్తిదని అనను, ఇబ్బందిపడ్డ సంస్థలున్నాయి. అందుకే లెక్కలు అద్దంలా ఉంచుకుని, నివేదికని నాలుగైదు సంస్థలు కలిసి పంపడం మేలు. ఐరాసతో మాట్లాడినందుకు ఎవరినైనా వేధిస్తే దానిమీద సెక్రటరీ జనరల్ పేరుతో ఏటా ఒక నివేదిక వస్తుంది, అలాంటిది జరిగితే ఆ సంగతి కూడా తారీఖుతో రాసి పంపాలి.

ప్రశ్న: మేడమ్, నాకు ఇంగ్లీషు రాదు. ఉపదేశిని, ఇంటర్ ఫెయిల్. నేను ఈ శిక్షణకి పనికొస్తానా?

జవాబు: రండి. తెలుగులో రాస్తే అక్కడ చదవరు, నిజమే, ఐరాస అధికార భాషలు ఆరు, అందులో మన దేశపు భాష ఒక్కటీ లేదు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చే పిల్లలు ప్రతి జిల్లాలో ఉన్నారు, లా కాలేజీల్లో అడిగితే దొరుకుతారు, మేమూ వెతికిపెడతాం. దొరకనిది మీ ఊరి చెరువుగట్టు దగ్గర ఆ సాయంత్రం నిలబడి చూసిన మనిషి. వచ్చేటప్పుడు ఓ తెల్లకాగితాల పుస్తకం, పోస్టాఫీసు రసీదులేమైనా ఇంట్లో ఉంటే అవి పట్టుకురండి.